కరువు పని నేర్పిన కొలువు పాఠం

పొద్దున్నే తడ దగ్గర హైవే పక్కన నిలబడి చూడండి. కంపెనీ బస్సులు ఒకదాని వెనక ఒకటి శ్రీ సిటీ వైపు మలుపు తిరుగుతుంటాయి. కిటికీల పక్కన మీ వయసువాళ్ళే. మెడలో ఐడీ కార్డు, ఒళ్ళో టిఫిన్ డబ్బా, చెవుల్లో ఇయర్‌ఫోన్లు. షిఫ్టుకు పోయేవాళ్ళు కొందరు, ఇంటర్వ్యూకని చేతిలో ఫైలు పట్టుకుని వచ్చినవాళ్ళు కొందరు.

ఆ ఫైలు పట్టుకున్నవాళ్ళలో చాలామంది ఇళ్ళల్లో ఒక మాట వినబడుతూ ఉంటుంది. "అమ్మ ఏదిరా?" అంటే "కరువు పనికి పోయింది" అంటారు. ప్రభుత్వ కాగితాల్లో దాని పేరు ఉపాధి హామీ. ఊళ్ళో మాత్రం అది కరువు పనే. వానలు బాగా పడి చెరువులు నిండిన ఏడాది కూడా దాన్ని కరువు పనే అంటారు. ఎందుకో ఎప్పుడైనా ఆలోచించారా?

ఆ మాట వెనక దాదాపు 150 ఏళ్ళ చరిత్ర ఉంది. పని లేని జనానికి ప్రభుత్వం పని ఇస్తే ఏం జరుగుతుందన్న ప్రశ్నకు మన నేల మీద ఒక జవాబు దొరికింది, సముద్రాల అవతల ఇంకో జవాబు దొరికింది. మొదటిది ఒక కాలువ. రెండోది వందల పార్కులు. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే, రేపు మీ చేతికొచ్చే ఆఫర్ లెటర్‌ను ఎలా చదవాలో కూడా తెలుస్తుంది.

మన పక్కనే ఉన్న కాలువ

శ్రీ సిటీకి తూర్పున హైవే దాటితే పులికాట్ సరస్సు. ఆ సరస్సును కలుపుకొంటూ కోస్తా పొడవునా సాగేది బకింగ్‌హాం కాలువ. ప్రకాశం బ్యారేజీ కింది కాలువల వ్యవస్థను కలిసే పెదగంజాం నుంచి చెన్నైకి, అక్కడి నుంచి ఇంకా దక్షిణాన మరక్కాణం దాకా ఉంటుంది. 1806లో మద్రాసు నుంచి ఎన్నూరు వరకు చిన్నగా మొదలై, దశాబ్దాల పాటు ముక్కలు ముక్కలుగా పెరిగింది. రోడ్లు, రైళ్ళు సరిగ్గా లేని రోజుల్లో మద్రాసుకు కట్టెలు, ఉప్పు, ధాన్యం మోసిన పడవల దారి ఇది.

ఈ కాలువలో మద్రాసు నగరం లోపలి ముక్క కథ వేరు. 1876లో వానలు ముఖం చాటేశాయి. కడప, కర్నూలు, బళ్ళారి, నెల్లూరు, ఇప్పటి చిత్తూరు ప్రాంతం అప్పట్లో భాగంగా ఉన్న ఉత్తర ఆర్కాటు, అన్నీ ఎండిపోయాయి. అది తెలుగు లెక్కలో ధాత నామ సంవత్సరం. అందుకే పెద్దలు దాన్ని ధాత కరువు అన్నారు. 1878 వరకు సాగిన ఆ కరువులో దక్షిణ భారతంలో చనిపోయినవారి సంఖ్య 50 లక్షలు దాటిందని అంచనా.

తిండి కోసం మద్రాసు చేరిన జనానికి అప్పటి ప్రభుత్వం పని చూపించింది. అడయారు, కూవం నదులను కలుపుతూ 8 కిలోమీటర్ల కాలువను 1877-78లో కరువు పనిగా తవ్వించారు. దానికి 30 లక్షల రూపాయలు ఖర్చయింది. అప్పటి మద్రాసు గవర్నర్ బకింగ్‌హాం డ్యూక్ పేరే 1878లో మొత్తం కాలువకు పెట్టారు. తవ్వినవాళ్ళ పేర్లు ఎక్కడా లేవు.

ఇక కూలి సంగతి. 1877 జనవరిలో వైస్రాయ్ లిట్టన్ తరఫున సర్ రిచర్డ్ టెంపుల్ అనే అధికారి కరువు ప్రాంతాలకు వచ్చాడు. అంతకు మూడేళ్ళ ముందు బీహారు కరువులో బర్మా నుంచి బియ్యం తెప్పించి జనాన్ని బతికించినవాడే ఈయన. "డబ్బు దుబారా చేశావు" అని పైవాళ్ళు చీవాట్లు పెట్టారు. ఈసారి ఆ మాట పడకూడదనుకున్నాడేమో, కూలిని కుదించేశాడు. మగవాళ్ళకు రోజుకు 1 పౌను ధాన్యం, అంటే సుమారు 450 గ్రాములు, దానిపైన 1 అణా. ఆడవాళ్ళకు, పని చేసే పిల్లలకు ఇంకాస్త తక్కువ. దీనికే ‘టెంపుల్ కూలి’ అని పేరు పడింది.

రోజంతా గడ్డపారతో తవ్వి, తట్టలతో మట్టి మోసే మనిషికి 450 గ్రాముల గింజలు చాలతాయా? చాలవని అప్పుడే గట్టిగా చెప్పినవాడు మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్. కనీసం ఒకటిన్నర పౌను ధాన్యం, దాంతో పాటు పప్పు, కూరగాయలు ఉండాలని వాదించాడు. బొంబాయి ప్రాంతంలో కూలీలు ఈ కూలికి మేం రామంటూ పనులు మానేసి వెళ్ళిపోయారు. చివరికి 1877 మార్చిలో మద్రాసు ప్రభుత్వం కొంత దిగివచ్చింది. ధాన్యం ఒకటింపావు పౌనుకు పెరిగింది, కొద్దిగా పప్పు కలిసింది. కార్నిష్ అడిగినదానికి, టెంపుల్ ఇచ్చినదానికి నడుమ ఎక్కడో ఆగింది. ఇంతా జరుగుతుంటే అదే కాలంలో, 1877-78లో, భారత్ నుంచి ఇంగ్లండుకు 3 లక్షల టన్నులకు పైగా గోధుమలు ఎగుమతి అయ్యాయి.

ఇక్కడ ఒక్క విషయం గమనించండి. టెంపుల్ దృష్టిలో పని అనేది ఒక పరీక్ష. నిజంగా ఆకలి ఉన్నవాడే ఇంత తక్కువ కూలికి, ఇంటికి దూరంగా, ఇంత కష్టమైన పనికి వస్తాడు కాబట్టి, వచ్చినవాడే అర్హుడన్నది ఆయన లెక్క. మనిషికి పని నేర్పడం, పని ముగిశాక అతను ఎక్కడికి పోతాడని ఆలోచించడం ఆ లెక్కలో లేవు.

కాలువ మాత్రం నిలిచింది. 2004 డిసెంబరులో సునామీ వచ్చినప్పుడు పెదగంజాం నుంచి చెన్నై దాకా చాలాచోట్ల ఆ నీటిని ఈ కాలువ తనలోకి తీసుకుని అల జోరు తగ్గించిందని పరిశోధకులు గుర్తించారు. పని మంచిదే. పని చేయించిన తీరే ఘోరం. ఈ రెండింటినీ కలిపేయకూడదు.

నెలకు 30 డాలర్ల కుర్రాళ్ళు

ఇప్పుడు అమెరికాకు వెళ్దాం. ఎమ్మెస్‌కు వెళ్ళిన మీ సీనియర్ ఎవరైనా డెన్వర్ దగ్గరి రెడ్ రాక్స్ ఆంఫీథియేటర్‌లో దిగిన ఫొటో పెట్టి ఉండొచ్చు. రెండు ఎర్రటి బండరాళ్ళ నడుమ, కొండ వాలు మీద 9 వేల మందికి పైగా కూర్చోగల మెట్లు. 1964లో బీటిల్స్ పాడిన వేదిక అది. దాన్ని కట్టింది ఎవరో తెలుసా? ఉద్యోగం దొరక్క ఇంటికి భారమైన కుర్రాళ్ళు.

1929లో అమెరికా స్టాక్ మార్కెట్ కుప్పకూలింది. బ్యాంకులు మూతపడ్డాయి. 1933 నాటికి పనిచేయగలిగిన ప్రతి నలుగురిలో ఒకరికి పని లేదు. చదువు ఆగిపోయి, పని దొరక్క, సరకు రైళ్ళెక్కి ఊరూరా తిరిగే యువకులు లక్షల్లో ఉండేవారు. ఆ ఏడాది మార్చి 4న అధ్యక్షుడైన ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్, అదే నెల 31న ఒక చట్టంపై సంతకం చేశారు. ఏప్రిల్ 7న మొదటి యువకుడు చేరాడు. జులై వచ్చేసరికి రెండున్నర లక్షల మందికి పైగా శిబిరాల్లో ఉన్నారు. దాని పేరు సివిలియన్ కన్జర్వేషన్ కోర్. పొట్టిగా సీసీసీ.

అంత వేగం ఎలా సాధ్యమైంది? కొత్త శాఖ పెట్టి, కొత్త ఆఫీసులు కట్టి కూర్చోలేదు. ఉన్నవాళ్ళకే పని పంచారు. కార్మిక శాఖ మనుషులను ఎంపిక చేసింది. సైన్యం శిబిరాలు వేసి తిండి, బట్ట, వైద్యం చూసింది. వ్యవసాయ శాఖ, అంతర్గత వ్యవహారాల శాఖ ఏ అడవిలో, ఏ పార్కులో ఏ పని చేయాలో చెప్పాయి. మీలో మేనేజ్‌మెంట్ చదివేవాళ్ళకు ఇది మంచి కేస్ స్టడీ.

చేరేవాళ్ళకు షరతులు సులువే. మొదట్లో 18 నుంచి 25 ఏళ్ళ మధ్య వయసు ఉండాలి, పెళ్ళి కాకూడదు, ఉద్యోగం ఉండకూడదు. ఒప్పందం ఆరు నెలలు, కావాలంటే పొడిగించుకోవచ్చు. మధ్యలో బయట ఉద్యోగం దొరికితే వెళ్ళిపోవచ్చు, ఎవరూ ఆపరు. జీతం నెలకు 30 డాలర్లు. అందులో 25 డాలర్లు నేరుగా ఇంటికి పోతాయి, కుర్రాడి చేతికి 5 డాలర్లు. తిండి, పడక, బట్టలు శిబిరానివే. వారానికి 40 గంటల పని.

టెంపుల్ కూలితో పోల్చి చూడండి. ఇక్కడ ముందు కడుపు నింపారు, తర్వాత పని అడిగారు. బక్కచిక్కి వచ్చిన కుర్రాళ్ళు శిబిరంలో కొన్ని నెలలకే ఒళ్ళు చేశారు. ఇంటి దగ్గర అమ్మానాన్నలకు నెలనెలా డబ్బు అందింది. ఆ డబ్బు ఊరి కిరాణా కొట్టుకు చేరింది, కొట్టువాడి బాకీలు తీరాయి.

1933 నుంచి 1942 వరకు సుమారు 30 లక్షల మంది ఇందులో పనిచేశారు. దాదాపు 300 కోట్ల మొక్కలు నాటారు. కాలిబాటలు, రాతి వంతెనలు, అడవిలో మంటలను గమనించే టవర్లు, పర్యాటకుల కోసం చెక్క ఇళ్ళు కట్టారు. అమెరికాలో ఇవాళ జనం సెలవు రోజున వెళ్ళే వందల రాష్ట్ర పార్కులకు రూపం వచ్చింది అప్పుడే. చాలా రాష్ట్రాలకు అంతకుముందు చెప్పుకోదగ్గ పార్కులే లేవు. అక్కడి రాయి, అక్కడి కలపతోనే కట్టాలన్నది పార్కుల శాఖ అనుసరించిన పద్ధతి. అందుకే ఆ కట్టడాలు కొండలో నుంచే మొలిచినట్టు కనిపిస్తాయి.

రాళ్ళ వెనక బడి

మీకు ఇందులో అసలు పనికొచ్చే విషయం ఇది. చేరినవాళ్ళలో ఎక్కువమందికి ఉలి పట్టడం రాదు, గోడ కట్టడం రాదు. కొందరైతే పట్నం పిల్లలు, అడవే చూడలేదు. మరి అంత గట్టి రాతి మెట్లు ఎలా కట్టారు?

ప్రతి శిబిరానికీ చుట్టుపక్కల ఊళ్ళ నుంచి పని తెలిసిన పెద్దవాళ్ళను తీసుకున్నారు. వాళ్ళను ‘స్థానిక అనుభవజ్ఞులు’ అని పిలిచేవారు. తాపీ మేస్త్రీలు, వడ్రంగులు, అడవి పని తెలిసినవాళ్ళు. వాళ్ళకూ అప్పుడు పని లేదు. వాళ్ళకు జీతం దొరికింది, కుర్రాళ్ళకు గురువు దొరికాడు. మన భాషలో చెప్పాలంటే, ఒక మేస్త్రి కింద నలుగురు చెయ్యి తిప్పడం నేర్చుకున్నారు.

సాయంత్రం పని అయ్యాక తరగతులు ఉండేవి. చదువురానివాళ్ళకు అక్షరాలు, చదువు మధ్యలో ఆపినవాళ్ళకు హైస్కూలు పాఠాలు, ఇంకా టైపింగ్, లారీ రిపేరు, సర్వే పని, వంట. శిబిరాల్లో 40 వేల మందికి పైగా కొత్తగా చదవడం, రాయడం నేర్చుకున్నారు. వెళ్ళిపోయేటప్పుడు చేసిన సేవకు ధ్రువపత్రం ఇచ్చేవారు. కంపెనీ గేటు దగ్గర "ఇంతకుముందు ఏం చేశావు?" అని అడిగితే చూపించడానికి వాళ్ళ దగ్గర ఒక కాగితం, చెప్పడానికి ఒక పని ఉన్నాయి.

బయట నిలబడినవాళ్ళు

అంతా బాగుందని అనుకుంటే పొరపాటు. రంగు చూసి తేడా చూపకూడదని సీసీసీ చట్టంలోనే రాశారు. ఆచరణలో నల్లజాతి యువకులకు ఎక్కువగా వేరే శిబిరాలు పెట్టారు, వాళ్ళ సంఖ్యకు పరిమితి కూడా విధించారు. అయినా సుమారు 2 లక్షల మంది నల్లజాతి యువకులు పనిచేశారు. అమ్మాయిలకైతే తలుపే తెరవలేదు. అధ్యక్షుడి భార్య ఎలినార్ రూజ్‌వెల్ట్ పట్టుబడితే ఆడవాళ్ళ కోసం విడిగా కొన్ని శిబిరాలు పెట్టారు. వాటిలో ఉన్నది మొత్తం 8,500 మందే. 30 లక్షలెక్కడ, 8,500 ఎక్కడ?

వర్జీనియాలోని షెనాండోవా పార్కు కోసం కొండల్లో తరాలుగా ఉన్న వందల కుటుంబాలను ఖాళీ చేయించారు. వాళ్ళ ఇళ్ళున్న చోట ఇవాళ కాలిబాటలున్నాయి. అందరికీ పార్కు ఇచ్చిన పనే కొందరి ఊరిని తీసుకుంది. చరిత్ర చదివేటప్పుడు రెండు పేజీలూ చదవాలి.

మరి అదే 1930ల్లో మన దగ్గర ఏం జరిగింది? మాంద్యం దెబ్బ ఇక్కడా తగిలింది. ధాన్యం ధరలు పడిపోయాయి, శిస్తు మాత్రం తగ్గలేదు. కృష్ణా, గోదావరి డెల్టాల్లో శిస్తు పెంపుపై ఎన్.జి. రంగా వంటి నాయకులు రైతులను కూడగట్టారు. మన పక్కనే వెంకటగిరి జమీందారీ రైతులు ఉద్యమం చేశారు. వలస ప్రభుత్వం దగ్గర యువతకు పని చూపించే సీసీసీ లాంటి ఆలోచన లేదు. ఉన్నది కరువు వస్తే బయటికి తీసే కరువు నియమావళి ఒక్కటే. ధాత కరువు తర్వాత స్ట్రాచీ కమిషన్ 1880లో నివేదిక ఇచ్చాక పుట్టింది అది.

బండ్లపల్లిలో మారిన మాట

స్వతంత్రం వచ్చాక కూడా కరువు పని అంటే చాలాకాలం సర్కారు దయగానే ఉంది. మహారాష్ట్ర ఒక అడుగు ముందుకేసింది. 1972 కరువు అనుభవంతో పని అడిగే హక్కును 1970ల చివర్లో చట్టం చేసింది. దేశమంతటికీ అలాంటి చట్టం 2005లో వచ్చింది. దాని కింద పథకాన్ని 2006 ఫిబ్రవరి 2న అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ ప్రారంభించింది ఎక్కడో కాదు, అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలో. కరువుకు మారుపేరైన సీమ నేల మీదే.

ఏం మారింది? టెంపుల్ రోజుల్లో పని అంటే పేదవాడికి పెట్టే పరీక్ష. 2005 చట్టం ప్రకారం గ్రామీణ కుటుంబం అడిగితే ఏడాదిలో 100 రోజుల పని చూపించాల్సిన బాధ్యత ప్రభుత్వానిదైంది. చూపించలేకపోతే భృతి ఇవ్వాల్సి ఉండేది. పరీక్ష సర్కారుకు వచ్చింది! పని పొందేవారిలో మూడో వంతు మహిళలు ఉండాలని చట్టమే చెప్పింది. చేసిన పనిని, ఇచ్చిన కూలిని ఊరందరి ముందు చదివి వినిపించే సామాజిక తనిఖీకి మన రాష్ట్రం దేశానికే దారి చూపింది. దానికోసం 2009లో ప్రత్యేక సంస్థనే పెట్టింది.

అయినా ఒక లోటు ఉండిపోయింది. సీసీసీలో ఉన్న మేస్త్రి, సాయంత్రపు బడి ఇక్కడ లేవు. చెరువు పూడిక తీసిన అమ్మకు కూలి వచ్చింది, కొత్త పని మాత్రం రాలేదు. ఆ కూలిలోంచే మీ ఫీజు కట్టింది. నేర్చుకునే వంతు మీకు వచ్చింది.

మీ చేతిలో ఆఫర్ పెట్టుకుని అడగాల్సినవి

శ్రీ సిటీ 2008లో మొదలైంది. ఇవాళ అక్కడ ఇసుజు పికప్ వాహనాలు, ఆల్‌స్టామ్ మెట్రో రైలు పెట్టెలు, డైకిన్ ఏసీలు తయారవుతున్నాయి. కోబెల్కో ఫ్యాక్టరీలో మట్టి తవ్వే ఎక్స్‌కవేటర్లు తయారవుతాయి. గడ్డపారలతో కాలువ తవ్విన కోస్తాకు కూతవేటు దూరంలోనే ఆ పని చేసే యంత్రాలు పుడుతున్నాయన్నమాట. అవకాశాలున్నాయి. కానీ అన్ని అవకాశాలూ ఒకటి కావు. పైన చూసిన రెండు చరిత్రల నుంచి నాలుగు ప్రశ్నలు తీసుకోండి.

ఒకటి, చేతికొచ్చే డబ్బుతో బతకగలనా? టెంపుల్ కూలి పెద్ద తప్పు అక్కడే చేసింది. నెల జీతం ఎంతని మాత్రమే అడిగి ఊరుకోకండి. క్యాంటీన్, బస్సు, గది అద్దె పోగా ఎంత మిగులుతుందో కాగితం మీద లెక్క వేయండి. బస్సు, భోజనం కంపెనీదే అయితే తక్కువ జీతం కూడా ఎక్కువే అవుతుంది. ఇంటికి ఎంత పంపగలరో ఆ తర్వాత తేలుతుంది.

రెండు, నా మేస్త్రి ఎవరు? ఇంటర్వ్యూ చివర్లో "మీకేమైనా అడగాలనుందా?" అంటే చాలామంది లేదంటారు. అప్పుడే అడగండి. మొదటి మూడు నెలలు ఎవరి కింద పనిచేస్తాను సార్? ఒకే మెషిన్ దగ్గరే ఉంటానా, మిగతావి కూడా చూపిస్తారా? నేర్చుకోవాలన్న ఆసక్తి ఉన్నవాడు అడిగే ప్రశ్న ఇది, దీన్ని ఎవరూ తప్పుగా తీసుకోరు.

మూడు, వెళ్ళేటప్పుడు నా చేతిలో ఏముంటుంది? మీరు చేరేది అప్రెంటిస్‌గానా, ఉద్యోగిగానా, కాంట్రాక్టరు కిందనా అన్నది ముందే తెలుసుకోండి. 1961 అప్రెంటిస్‌షిప్ చట్టం ప్రకారం అప్రెంటిస్ శిక్షణ పొందే వ్యక్తి, కార్మికుడి కిందికి రాడు. జీతం బదులు స్టైపెండ్ ఉంటుంది, పీఎఫ్ ఉండదు. ఒప్పందంలో రాసి ఉంటే తప్ప, శిక్షణ తర్వాత ఉద్యోగం ఇవ్వాలన్న బాధ్యత కంపెనీకి ఉండదు. దాని విలువ అంతా నేర్చుకునే పనిలో, చివర్లో వచ్చే సర్టిఫికెట్‌లో ఉంది. కాబట్టి మీ అప్రెంటిస్‌షిప్ ప్రభుత్వ పోర్టల్‌లో నమోదైందో లేదో చూసుకోండి. ఉద్యోగిగా చేరితే పీఎఫ్ ఖాతాకు యూఏఎన్ నంబరు, నెలనెలా పే స్లిప్ అడిగి తీసుకోండి. జీతంలో కోసిన డబ్బు ఖాతాలో పడుతోందో లేదో ఫోన్‌లోనే చూసుకోవచ్చు.

నాలుగు, ఇక్కడ ఎవరికి తలుపు మూసి ఉంది? అమ్మాయిలు లైన్ మీద ఉంటారు సరే, సూపర్‌వైజర్లుగా ఉన్నారా? డిప్లొమా వాళ్ళు పైకి వెళ్ళే దారి ఉందా? లోపల పనిచేసే సీనియర్‌ను ఒకరిని పట్టుకుని టీ తాగుతూ అడిగితే పావుగంటలో తెలిసిపోతుంది. వెబ్‌సైట్‌లో ఇది రాసి ఉండదు.

ఇంకో మాట. శిబిరంలో చేరడానికి సీసీసీ కుర్రాడు ఎవరికీ డబ్బు కట్టలేదు. మీరూ కట్టొద్దు. రిజిస్ట్రేషన్ ఫీజు, ట్రైనింగ్ డిపాజిట్, యూనిఫాం ఖర్చు అంటూ ఉద్యోగానికి ముందే డబ్బు అడిగే మధ్యవర్తి ఎంత తీయగా మాట్లాడినా సరే, ఆ ఫోన్ పెట్టేసి నేరుగా కంపెనీ హెచ్ఆర్ విభాగాన్ని సంప్రదించండి.

పోటీ పరీక్షలకు వెళ్ళేవాళ్ళకు

గ్రూప్స్, ఇతర పరీక్షలకు సిద్ధమయ్యేవాళ్ళు ఈ వరస గుర్తు పెట్టుకోండి. ధాత కరువు 1876-78, అప్పటి వైస్రాయ్ లిట్టన్. స్ట్రాచీ అధ్యక్షతన తొలి కరువు కమిషన్ నివేదిక 1880. తర్వాత లయల్ కమిషన్ 1898, మెక్‌డొనెల్ కమిషన్ 1901. ఉపాధి హామీ చట్టం 2005, ప్రారంభం 2006 ఫిబ్రవరి 2న బండ్లపల్లిలో. అమెరికా న్యూ డీల్, రూజ్‌వెల్ట్, 1933. బకింగ్‌హాం కాలువ భాగంగా ఉన్న నాలుగో జాతీయ జలమార్గం ప్రకటన 2008. మెయిన్స్ వ్యాసంలో ఇవి విడివిడి తేదీలుగా రాస్తే మామూలు మార్కులే వస్తాయి. "పని అనే పరీక్ష నుంచి పని అనే హక్కు దాకా" అని ఒక దారం గుచ్చి రాస్తే మీ జవాబు వేరుగా కనబడుతుంది.

ఆ ప్రశ్నకు జవాబు

ఇంటర్వ్యూ గదిలో ఇంటి గురించి అడిగినప్పుడు చాలామంది గొంతు తగ్గుతుంది. నాన్న వ్యవసాయం అంటారు, అమ్మ దగ్గరికి వచ్చేసరికి "హౌస్‌వైఫ్" అని తేల్చేస్తారు. ఎండలో చెరువు కట్ట మీద మట్టి మోసిన మనిషి పేరు ఒక్క మాటతో మాయమైపోతుంది. కాలువ తవ్వినవాళ్ళ పేర్లు మాయమైనట్టే.

ఈసారి ఆ ప్రశ్న వస్తే గొంతు తగ్గించకండి. "మా అమ్మ ఉపాధి పనికి వెళ్తుంది సార్. మా ఊరి చెరువు పూడిక తీసినవాళ్ళలో ఆమె ఒకరు" అని చెప్పండి. అందులో అబద్ధం లేదు, సిగ్గుపడాల్సింది అంతకన్నా లేదు. పని ఎలా మొదలై ఎలా ముగుస్తుందో చిన్నప్పటి నుంచి చూసినవాళ్ళు మీరు. ఆ తర్వాత వచ్చే ప్రశ్న "మరి నీకేం వచ్చు?" అని. దానికి జవాబు మాత్రం మీరే సిద్ధం చేసుకోవాలి. ఇంటర్వ్యూకు ఇంకా వారం ఉంటే ఇవాళే మొదలుపెట్టండి. మీ బ్రాంచి ల్యాబ్‌లో మీరు సొంతంగా చేయగలిగిన ఒక పనిని ఎంచుకుని, రెండు నిమిషాల్లో చెప్పడం ప్రాక్టీస్ చేయండి. ముందు అద్దం ముందు నిలబడి చెప్పండి, తర్వాత అమ్మ ముందు. ఆమెకు అర్థమయ్యేలా చెప్పగలిగితే హెచ్ఆర్‌కు అర్థమవుతుంది.